ఉస్తాదు లేని డ్రైవరు

ఆ సంవత్సరం దసరా లోపల మా కంపెనీలో జరగవలసిన పనులు ఇవి:

డ్రైవర్లకు, కండక్టర్లకు, క్లీనర్లకు ఖాకీ బట్టలు కుట్టించాలి.
ఎవరి చేతా రోజుకు ఎనిమిది గంటలకు మించి పని చేయించకూడదు.
వారానికొక రోజు ప్రతి మనిషికీ సెలవు ఇవ్వాలి.
షెడ్డులో తాగేనీళ్లు, మందుల పెట్టె ఉంచాలి.
బస్సు రాత్రి నిలిచే ఊళ్లో పనివాళ్లు పడుకోవడానికి గాలీ వెలుతురూ ఉన్న గది చూడాలి.
ఇవన్నీ జరగాలంటే ఇంకొక డ్రైవరును వెతకాలి.

మోటారు కార్మికుల కొత్త చట్టం వచ్చిన కాలం అది. కడప నుంచి వచ్చిన పుస్తకాన్ని నేను శ్రద్ధగా చదివి, సారాంశమంతా తెలుగులో రాసుకొని, మా యజమానురాలు నాగేంద్రమ్మగారికి వినిపించాను. ఆమె వసారాలో చాప మీద కూర్చొని చెనిక్కాయలు వలుస్తూ విన్నది.

"అంతా అయిపాయనా?"

"అయిపోయిందమ్మా."

"గుడ్డలు కుట్టించేది, నీళ్లు పెట్టేది, పండబెట్టేది. వియ్యాలవారిని చూసుకున్నట్ల చూసుకోమంటాండారు. మల్ల బస్సు ఎవురు తోల్తారప్పా, ఆ ఆఫీసరా?"

నేను నవ్వలేదు. కొత్తగా ఉద్యోగంలో చేరినవాణ్ణి. చట్టాన్ని గురించి నవ్వడం తప్పేమో అనిపించింది. నన్ను చూసి ఆమే నవ్వింది.

మా కంపెనీ పేరు నాగనాథ మోటార్ సర్వీస్. నాలుగు బస్సులు. ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు, ముద్దనూరు మీదుగా పులివెందులకు తిరిగేవి. నాగేంద్రమ్మగారిది పులివెందుల పక్క వ్యవసాయ కుటుంబం. భర్త పోయినాక బస్సులు అమ్మేయమని బంధువులంతా చెప్పినా వినలేదు. నేను జమ్మలమడుగులో మగ్గం నేసే ఇంట్లో పుట్టినవాణ్ణి. పేరు ఆదినారాయణ. మా వంశంలో కాలేజీ గడప తొక్కినవాళ్లు నాకు ముందు లేరు. అనంతపురంలో బి.ఏ. పూర్తి చేసి, ఈ కంపెనీలో మేనేజరుగా చేరాను. మేనేజరంటే టిక్కెట్టు పుస్తకాల నుంచి టైర్ల దాకా అన్నీ చూసుకునే మనిషి.

పనుల్లో కష్టమైనది చివరిదే. ఎందుకో చెప్పాలంటే ముందు మా వైపు డ్రైవర్లు ఎట్లా తయారవుతారో చెప్పాలి.

అప్పట్లో ప్రొద్దుటూరులో డ్రైవరు ఉద్యోగానికి ఎవరూ దరఖాస్తు పెట్టేవారు కాదు. బస్సులు, లారీలు నేర్చుకోవాలనుకునే మనిషి ఎవరో ఒక పాత డ్రైవరును ఉస్తాదుగా, అంటే గురువుగా పట్టుకొని, ఆయన దగ్గర శాగిర్దుగా చేరతాడు. బండి కడుగుతాడు, టైర్లు విప్పుతాడు, ఉస్తాదుకు టీ తెస్తాడు, ఆయన బట్టలు ఉతుకుతాడు. ఆయనతో తింటాడు, ఆయన కాళ్ల దగ్గర పడుకుంటాడు. కొన్నేళ్లకు ఒకనాడు ఉస్తాదు తన సీటులో అతణ్ణి కూర్చోబెడతాడు. తర్వాత యజమాని దగ్గరికి తీసుకొనిపోయి, "వీడు తోల్తాడు" అంటాడు. ఉద్యోగం అంతే. ఆ రెండు మాటలకున్న బరువు లైసెన్సుకు ఉండేది కాదు. ఆ కొత్తవాడు బండి బోల్తా కొట్టిస్తే తలవంపులు ఉస్తాదుకే.

మా కంపెనీలో అట్లాంటి ఉస్తాదు ఇనాయతుల్లా. నలభై దాటిన మనిషి, గట్టి గొంతు, మాట పడడు. మధ్యాహ్నం బయలుదేరి రాత్రికి పులివెందులలో నిలిచే బస్సు ఆయనది. ఆ దారిలో పల్లెల వాళ్లు ఫలానా నంబరు బస్సు అనరు, "ఇనాయతుల్లా బండి" అంటారు. మా డ్రైవర్లలో తిరుపాలు, ఇంకొకతను ఆయన శాగిర్దులే.

నేను ఈ పద్ధతి తెలియనివాణ్ణి కాను. అయినా చట్టం కొత్తది కాబట్టి ఉద్యోగం ఇచ్చే తీరు కూడా కొత్తగా ఉండాలనుకున్నాను. కడపలో ఉద్యోగాల ఆఫీసుకు నోటీసు పంపాను. లైసెన్సు ఉండాలి, చదవడం రాయడం రావాలి, ఆరోగ్యం బాగుండాలి అని రాశాను. మా తాలూకాలో ఒక్క డ్రైవరూ రాలేదు. నోటీసు చూసి పోయేది ఉస్తాదు తరిమేసిన మనిషే అని అందరి లెక్క. అట్లా పోతే పరువు పోతుందని, పని లేనివాళ్లు కూడా ఇంట్లోనే కూర్చున్నారు.

చివరికి ఒక మనిషి వచ్చాడు. పేరు దేవసహాయం. పట్టాలంలో మాదిరి నిటారుగా నిలబడి నమస్కారం పెట్టాడు. సైన్యంలో లారీలు తోలి, విడుదలై వచ్చాడు. జమ్మలమడుగు పక్కన ఊరవతలి పల్లెవాడు. తాతల కాలంలో మిషను బడిలో చదువుకొని క్రైస్తవులైన కుటుంబం.

నాగేంద్రమ్మగారు అతణ్ణి పైనుంచి కిందికి చూసింది.

"ఎవురు పంపిరప్పా?"

"ఎవురూ పంపలేదమ్మా. నోటీసు చూసి వచ్చినా."

"మల్ల నీ గురించి ఎవుర్ని అడగాల?"

"కాశ్మీరం కొండల్లో తోలినా. ఆడ అడిగితే చెప్తారు."

"ఆడికి పోయి అడిగొచ్చే లోపల మా బస్సులు తుప్పు పట్టిపోతాయి." ఆమె నావైపు తిరిగింది. "నీ నోటీసుకు వచ్చిన మనిషి. నీకు సరే అయితే నాకూ సరే."

నాకు సరే అయింది. మొదటి రెండు వారాలు అతను ఇనాయతుల్లా కాక మిగిలిన డ్రైవర్ల సెలవు రోజుల్లో వాళ్ల బస్సులు తోలాడు. వాటిలో ఒకటి కొన్ని రాత్రులు పులివెందులలో నిలిచేది కాబట్టి అక్కడ పడుకున్న రోజులూ ఉన్నాయి. ఫిర్యాదు ఒక్కటీ రాలేదు. జమ్మలమడుగు బస్టాండులో మాత్రం తిరుపాలు నన్ను పక్కకు పిలిచాడు.

"ఆయప్పది యా పల్లెనో కనుక్కున్యావా మేనేజరప్పా?"

"కనుక్కున్నాను. లైసెన్సు కూడా కనుక్కున్నాను."

"లైసెన్సు బీడీ కట్టకు చుట్టే కాగితం. బి.ఏ. చదివినోడివి, నీకు తెలీదులే." అని నవ్వుకుంటూ పోయాడు.

మూడో వారం ఇనాయతుల్లా వంతు వచ్చింది. అతనికి నేను శుక్రవారం సెలవు ఇచ్చాను, నమాజుకు వీలుగా ఉంటుందని. సంతోషిస్తాడనుకున్నాను. ఆ శుక్రవారం దేవసహాయం షెడ్డుకు వచ్చేసరికి బస్సు ఉంది, తాళం లేదు. ఇనాయతుల్లా దాన్ని నడుముకు కట్టుకొని మసీదుకు పోయాడు. అక్కణ్ణుంచి చుట్టాలింటికి పోయాడు. మధ్యాహ్నం బస్సు లేవలేదు. పెండ్లికి పోవలసినవాళ్లు, సంతకు పోవలసినవాళ్లు షెడ్డు ముందర నిలబడి నన్ను, నా చదువును, నాకు చదువు చెప్పిన అయ్యవార్లను కలిపి తిట్టారు.

మరునాడు పొద్దున ఇనాయతుల్లా నాగేంద్రమ్మగారి వసారా ముందు నిలబడ్డాడు. నేను పక్కనే ఉన్నాను.

"ఏంది ఇనాయతూ, బస్సును ఇంటికి ఎత్తకపోలేక తాళం ఎత్తకపోతివా?" అంది ఆమె.

"అమ్మా, సెలవు ఇచ్చినారు, మంచిదే. నా బండి ఎవురికి ఇయ్యాల? ఆయప్పకు ఉస్తాదెవురు?"

"మిలిట్రీలో తోలినాడంట."

"మిలిట్రీలో సర్కారుది బండి, సర్కారోళ్లే జనం. ఈడ నా బండిలో బాలింతలు ఎక్కుతారు, ముసలోళ్లు ఎక్కుతారు. రేపు ఏమన్నా అయితే ఎవుర్ని అడగాల? నేను జాతి అడగలా తల్లీ. తిరుపాలు ఏం మాట్లాడతాండాడో నాకు తెలుసు, అది నా మాట కాదు. ఒక మనిషికి ఇంకో మనిషి మాట ఉండాల. అది లేనోనికి నా బండి ఇయ్యను."

"ఇయ్యకపోతే?"

"లారీల వాళ్లు శానా నాళ్ల నుంచి పిలుస్తాండారు. వచ్చే శుక్రారం లోపల ఆయప్పకు ఉస్తాదునన్నా చూపించండి, లేదంటే నన్నన్నా పంపించండి."

అతను పోయినాక నాగేంద్రమ్మగారు వేళ్ల మీద లెక్కపెట్టింది. ఇనాయతుల్లా పోతే అతని శాగిర్దులూ పోతారు. నాలుగు బస్సుల్లో మూడు నిలిచిపోతాయి. కంపెనీ మూసుకోవాలి. అది ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

"ఆదినారాయణా, ఆ మిలిట్రీ ఆయప్పకు పొమ్మని చెప్పు. చూస్తే మంచోని మాదిరే ఉండాడు. ఇంకాడన్నా దొరుకుతుంది."

దొరకదని నాకు అనిపించింది. విడుదలైనాక అతను మా దగ్గరికి రాకముందు ఎన్ని షెడ్లు తిరిగాడో చెప్పాడు. అన్ని చోట్లా అడిగింది ఒకే ప్రశ్న. శుక్రవారం దాకా గడువు అడిగాను. ఆమె ఇచ్చింది. "నువ్వు తెచ్చినావు, నువ్వే తీర్చు" అన్నది.

ముందు ఇనాయతుల్లా దగ్గరికే పోయాను. షెడ్డు ఎదుట టీ అంగడి బెంచీ మీద కూర్చొని ఉన్నాడు. కొత్త చట్టం ఎందుకు వచ్చిందో, ఉద్యోగాలు మాట మీద కాక యోగ్యత మీద ఎందుకు ఇవ్వాలో, నేను కాలేజీలో విన్నదంతా చెప్పాను. ఓపికగా విన్నాడు. టీ కూడా చెప్పాడు.

"మేనేజరప్పా, ఒకటి అడుగుతా, కోపం తెచ్చుకోగాకు. నీకీ ఉజ్జోగం ఎట్లొచ్చె?"

"బి.ఏ. చదివాను గదా."

"బి.ఏ.లు ప్రొద్దుటూరులో ఇంకెవురూ లేరా? అమ్మకు నీ గురించి ఎవురు చెప్పిరి?"

నిజం చెప్పక తప్పలేదు. జమ్మలమడుగు హైస్కూలు హెడ్మాస్టరుగారు చెప్పారు. ఆయన నాగేంద్రమ్మగారి భర్తకు స్నేహితుడు. "మా పిల్లోడే, నమ్మకస్తుడు" అని ఆయన అన్నందుకే నన్ను పిలిచారు. నా డిగ్రీ కాగితాన్ని ఆమె ఇంతవరకు చూడనే లేదు.

"అదీ సంగతి," అన్నాడు ఇనాయతుల్లా. "నీకూ ఉస్తాదు ఉండాడు. నేనేమీ లేనిది అడగలా."

ఇంటికి నడుస్తూ ఆలోచించాను. మా కంపెనీలో ఎవరి మాటా వెంట తెచ్చుకోకుండా వచ్చిన మనిషి ఒక్క దేవసహాయమే. మిగిలినవాళ్లందరం ఎవరో ఒకరి చెయ్యి పట్టుకొని లోపలికి వచ్చినవాళ్లమే. అట్లా రావడం తప్పని నేను ఇప్పటికీ అనను. తెలిసినవాడు మరొకణ్ణి గురించి పూచీ పడటం మంచి పద్ధతే. అయితే పూచీ పడే మనిషే దొరకనివాళ్ల సంగతి ఆ పద్ధతికి పట్టదు. పుస్తకంలో నోటీసు పద్ధతి ఉంది గాని, నోటీసు చూసి వచ్చినవాణ్ణి పక్కవాళ్లు తమవాడని అనుకొనేటట్లు చేసే ఉపాయం ఆ పుస్తకంలో లేదు.

నాకు తోచిన ఉపాయం ఒకటే. బుధవారం ఇద్దర్నీ షెడ్డులో ఒకచోట నిలబెట్టాను. తిరుపాలు టైరు మీద కూర్చొని వింటున్నాడు.

"ఇనాయతుల్లా భాయ్, ఉస్తాదు లేడన్నదే కదా అడ్డం? నువ్వే ఉస్తాదుగా ఉండు. దేవసహాయం కొన్నాళ్లు నీ కింద పని చేస్తాడు. తర్వాత నువ్వే మాట చెప్పు."

ఇనాయతుల్లా గడ్డం గోక్కున్నాడు. "వస్తే కాదనను. ముందు నా దగ్గర ఎవురైనా ఎట్ల ఉంటారో అట్లే ఉండాల. బండి కడగాల, చెప్పిన పని చెయ్యాల."

"టీ గలాసులు కూడా," అన్నాడు తిరుపాలు. "ఉస్తాదు గలాసు ఈయప్ప తాకొచ్చునో లేదో, అది మేనేజరప్పే పుస్తకంలో చూసి చెప్పాల."

దేవసహాయం అతనివైపు చూడలేదు. ఇనాయతుల్లానే చూస్తూ మాట్లాడాడు.

"అన్నా, నాకు పద్దెనిమిదేండ్లప్పుడు ఈ ఊర్లోనే నాలుగు షెడ్లు తిరిగినా. నన్ను శాగిర్దుగా పెట్టుకోండి అని. బండి కడుగుతా, గుడ్డలు ఉతుకుతా, దుడ్లు వద్దు అని చెప్పినా. రాత్రి యాడ పండుకుంటావు, యాడ తింటావు అనేకాడికి అందరూ మొగాలు తిప్పుకునిరి. పక్కన కూర్చోబెట్టుకొని ఇంత తిండి పెట్టే ఉస్తాదు నాకు దొరకలా. అందుకే పట్టాలంలోకి పోయినా. ఆడ నేర్చుకున్యా, పదేండ్లు తోలినా. అప్పుడు పిలిచింటే పరిగెత్తుకొని వచ్చుంటి. ఇప్పుడు రాను."

"రాకపోతే ఉద్యోగం పోతుంది," అన్నాను నేను.

"పోనీ సార్. నా భార్యకు కూడా అదే చెప్పినా."

గొంతు పెంచలేదు. ఖాకీ చొక్కా గుండీ సర్దుకొని పోయి, తన పని తాను చేసుకోసాగాడు. తిరుపాలు నవ్వబోతే, "నోరు మూస్కోరా" అన్నాడు ఇనాయతుల్లా.

శుక్రవారం వచ్చింది. దేవసహాయాన్ని తీసేస్తున్నానని ఆ సాయంత్రం చెప్పక తప్పదని నేను మనసు గట్టి చేసుకున్నాను. పులివెందులలో అద్దెకు తీసుకున్న గదిని తనిఖీ వాళ్లు చూస్తారని కబురు వచ్చింది కాబట్టి ఆనాటి బస్సులో నేనూ పోవలసి ఉంది, బస్సు లేస్తే.

మధ్యాహ్నం నమాజు అయినాక ఇనాయతుల్లా తెల్లబట్టల్లోనే షెడ్డుకు వచ్చాడు. తాళం తీసి దేవసహాయం చేతిలో పెట్టాడు.

"తోలు. నేను పక్కన కూర్చుంటా. నచ్చకపోతే ముద్దనూరులో నిన్ను దించి నేనే తోలుకొనిపోతా."

"సరే అన్నా. నచ్చకపోతే చెప్పు, నేనే దిగుతా."

"ఇవ్వాళ నీకు సెలవు, నువ్వు బండెక్కి పని చేయకూడదు," అన్నాను నేను.

"నేనేం పని చేస్తాండా? కూర్చుంటాండా. కూర్చునేదానికి కూడా చట్టముందా?"

ఇంజను పక్కన ఉండే సీటులో కూర్చున్నాడు. నేను వెనక వరుసలో కూర్చున్నాను. జమ్మలమడుగులో, ముద్దనూరులో ఎక్కినవాళ్లంతా ఇనాయతుల్లాను పక్క సీటులో చూసి వింతపడ్డారు. "ఏం మామా, కొత్త పెండ్లికొడుకు మాదిరి కూర్చున్యావు?" అని ఒక రైతు అడిగితే, "అత్తగారింటికి పోతాండాలే" అన్నాడు. దేవసహాయంతో మాత్రం ఒక్క మాటా మాట్లాడలేదు. ముద్దనూరులో దించలేదు.

తొండూరు దాటినాక ఒక చిన్న వాగు ఉంది, మా వైపు వంక అంటారు. పైన ఎక్కడో వాన పడినట్లుంది, దారికి అడ్డంగా ఎర్రనీళ్లు పారుతున్నాయి. దేవసహాయం బస్సు ఆపి, దిగి, ప్యాంటు మోకాళ్ల పైకి మడిచి నీళ్లలో అవతలి గట్టు దాకా నడిచి వచ్చాడు. "అందరూ దిగండి. బండి తేలికైనాక దాటిస్తా. మీరు నడిచి రండి, మోకాళ్ల లోతే" అన్నాడు.

బస్సంతా గోల లేచింది.

"టిక్కెట్టు తీసుకొనేది నడిచేదానికా?"

"ఇనాయతుల్లా అయితే ఒక్కసారి కూడా దించలేదు!"

"తోలేది చేతగాక దించుతాండాడు!"

అందరూ ఇనాయతుల్లా వైపు చూశారు. అతను నీళ్లవైపు కొంతసేపు చూశాడు. తన తెల్ల లుంగీ ఎగగట్టుకొని, చెప్పులు చేతిలో పట్టుకొని అందరికంటే ముందు దిగాడు.

"దిగండప్పా. డ్రైవరు దిగమన్నాడు గదా."

అంతే, అందరూ దిగారు. బస్సు ఖాళీగా దాటింది. ఇనాయతుల్లా అయితే దించకుండా దాటించేవాడేమో నాకు తెలియదు. దాటిందాకా అతను అవతలి గట్టున నిలబడి చక్రాలనే చూస్తూ ఉన్నాడు. మళ్లీ ఎక్కి కూర్చున్నాక, "పోనీ" అన్నాడు. ఆ దారిలో అతను దేవసహాయంతో అన్న మొదటి మాట అది.

పులివెందులకు పొద్దు మునిగే వేళకు చేరాము. నేను గది చూడటానికి పోయాను. బజారులో ఒక అంగడాయన మిద్దెలో తీసుకున్న గది అది. కిటికీ ఉంది, మంచాలు ఉన్నాయి, అంతా చట్టం చెప్పినట్లే ఉంది. ఒక మంచం మీద దుమ్ము కూడా ఉంది.

"దీని మీద ఎవరూ పడుకోవడం లేదా?" అని అడిగాను.

ఇంటాయన ఇబ్బంది పడ్డాడు. "మీ కండక్టరు పండుకుంటాడు. ఆ కొత్త డ్రైవరును మాత్రం వద్దన్యా. మా ఇంట్లో పెద్దోళ్లు ఉండారు గదా, నువ్వే అర్థం చేసుకోవాల."

బస్సు దగ్గరికి తిరిగి వచ్చేసరికి దేవసహాయం సీట్ల మధ్య నడవలో దుప్పటి పరుచుకుంటున్నాడు. చేయి తిరిగిన పని అని చూస్తేనే తెలుస్తోంది. కాళ్లు చాపుకోవడానికి చోటు చాలదు కాబట్టి ముడుచుకొని పడుకోవలసిందే. ఇనాయతుల్లా మెట్టు మీద నిలబడి చూస్తున్నాడు.

"గది తీసుకున్యారంట గదా. ఈడ పరుస్తాండావేం?"

"ఆడ రానియ్యరన్నా."

"ఎన్నాళ్ల నుంచి?"

"మొదటి నుంచీ."

"మేనేజరుకు చెప్పలేదేం?"

"చెప్తే గదిని మారుస్తారో, నన్ను మారుస్తారో తెలీదు గదా."

ఇనాయతుల్లా ముఖం ఎర్రబడింది. ఎన్నో ఏళ్లుగా పులివెందులలో అతను తన చెల్లెలి ఇంట్లో పడుకుంటాడు కాబట్టి ఈ గది సంగతి అతనికి తెలియదు. నావైపు తిరిగాడు.

"ఏం మేనేజరప్పా, ఎనిమిది గంటలు మించి తోలకూడదని రాసినారు గదా? ముడుచుకొని పండుకున్నోడు తెల్లారి ఎనిమిది గంటలు ఎట్ల తోల్తాడు? కండ్లు మూతలు పడితే నా బండి యాడికి పోతాది?" మళ్లీ దేవసహాయం వైపు తిరిగి, "లెయ్యి. దుప్పటి మడిచిపెట్టు. లెయ్యమంటాండా!" అన్నాడు.

ముగ్గురం సంతవీధి వెనక ఉన్న వాళ్ల చెల్లెలి ఇంటికి పోయాము. ఆమె పేరు పీరాంబీ. భర్త లేడు, బొంతలు కుట్టి బతుకుతుంది. పొయ్యి ముందర కూర్చొని జొన్నరొట్టెలు కొడుతోంది.

"రోజూ వస్తావు సరే, శుక్రారం కూడా వస్తివా? మా వదిన తరిమెనా?"

"తరిమితే నీ దగ్గరికి వస్తానా? అంతకంటే మసీదులో పండుకుంటా."

"ఈ అన్నలెవురు?"

"ఈయన మేనేజరు. ఆయన మా డ్రైవరు."

"కొత్తాయప్పా? యెవురి శాగిర్దు?" డ్రైవరు చెల్లెలు కదా, ఆమె కూడా అదే అడిగింది.

ఇనాయతుల్లా చేతులు కడుక్కుంటూ, తలెత్తకుండా చెప్పాడు.

"ఎవురి శాగిర్దూ కాదు. ఆయనే నేర్చుకున్యాడు. బాగా తోల్తాడు."

"ఎట్ల నేర్చుకుంటే నాకేంది? జొన్నరొట్టె తింటాడా తినడా, అది చెప్పు."

"తింటా అక్కా," అన్నాడు దేవసహాయం.

నేల మీద ఒక గుడ్డ పరిచి, మధ్యలో రొట్టెలు, చెనిక్కాయల ఊరిమిండి పచ్చడి పెట్టింది. ముగ్గురం ఆ గుడ్డ చుట్టూ కూర్చున్నాము. మా ఇంట్లో తెలిస్తే అమ్మ ఏమంటుందో అని ఒక ఆలోచన నాకు రాకపోలేదు. రొట్టె వేడిగా ఉంది, తిన్నాను. దేవసహాయం మొదటి రొట్టె నెమ్మదిగా తిన్నాడు. రెండోది పెడుతూ పీరాంబీ, "మిలిట్రీలో ఆడోళ్ల మాదిరి కొరికేది నేర్పినారా?" అంటే నవ్వాడు. అతను నవ్వగా నేను చూసింది అదే మొదటిసారి. తర్వాత ఆమె వసారాలో బొంతలు పరిచింది. దేవసహాయం గోడ వారగా కాళ్లు చాపుకొని పడుకున్నాడు.

మరునాడు ప్రొద్దుటూరులో నాగేంద్రమ్మగారు అడిగారు.

"ఉస్తాదు దొరికినాడా ఇనాయతూ?"

"దొరకలేదమ్మా. లేకపోయినా తోల్తాడు. ఉండనీ."

"నీ బండి ఇస్తావా?"

"శుక్రారం ఇస్తా. శనివారం పొద్దునకి తుడిచి నాకియ్యాల."

"తుడిచేదెందుకు?" అన్నాడు దేవసహాయం వెనక నుంచి.

"నేనూ తుడిచే ఇస్తా లేప్పా నీకు!"

అంతటితో అందరూ ఒక్కటయ్యారని రాస్తే అబద్ధమవుతుంది. తిరుపాలు ఆ నెలలోనే లారీల కంపెనీకి పోయాడు, ఇనాయతుల్లా మొదటి శాగిర్దు అతను. పోయేముందు, "ఉస్తాదు, నువ్వు మారిపోతివి" అన్నాడంట. ఆ మాట ఇనాయతుల్లాను చాలాకాలం బాధపెట్టింది. టీ అంగడిలో తిరుపాలు కూర్చునే చోటును అప్పుడప్పుడు చూసేవాడు. నాకు మాత్రం మళ్లీ ఒక డ్రైవరును వెతికే పని పడింది. ఈసారి నోటీసు కింద ఒక వాక్యం చేర్చాను: ఉస్తాదు ఉన్నా లేకపోయినా రావచ్చు, ఇనాయతుల్లా పక్కన కూర్చొని పరీక్ష చేస్తాడు. ఈసారి నలుగురైదుగురు వచ్చారు. ఇనాయతుల్లా పరీక్ష చేశాడంటే అది పరువే కాబట్టి, ఉస్తాదులున్నవాళ్లు కూడా వచ్చారు.

బజారు గదిని వదులుకున్నాము. పీరాంబీ వసారాకు తడికెలు కట్టించి అదే మా విశ్రాంతి గది అన్నాము. "ఇంటికొచ్చినోళ్ల కాడ బాడిగ తీసుకుంటారా ఎవురన్నా?" అని ఆమె మొదట ఒప్పుకోలేదు. చివరికి నాగేంద్రమ్మగారి పొలం జొన్నలు తీసుకోవడానికి ఒప్పుకుంది. తనిఖీకి వచ్చిన అధికారి గాలి వస్తుందా అని అడిగితే, "గాలీ వస్తాది, మేకా వస్తాది, నువ్వు కొంచెం జరిగి కూర్చో" అన్నది.

అప్పటి నుంచి మా దగ్గర చేరిన డ్రైవర్లు, కండక్టర్లు ఆ గుడ్డ చుట్టూ కూర్చొని తిన్నవాళ్లే. కూర్చోనన్నవాళ్లు ఒకరిద్దరు వచ్చారు, వారం తిరక్కుండా పోయారు. ఆమె ఎవరినీ బలవంతం చేయలేదు, ఎవరికీ వేరే ఆకు కూడా వేయలేదు.

కొన్నేళ్లకు తాడిపత్రి కంపెనీ ఒకటి దేవసహాయాన్ని ఎక్కువ జీతానికి పిలిచింది. అంత జీతం మేము ఇవ్వలేము. పోతాడనే అనుకున్నాను. పోలేదు. ఎందుకని అడిగితే, "ఆడ రాత్రి యాడ పండుకోవాల్నో ముందే అడిగినా సార్. చూస్తాంలే అన్యారు. అది నాకు తెలిసిన మాటే" అన్నాడు.

పోయిన వానాకాలంలో పీరాంబీ చనిపోయింది. మట్టి వేయడానికి మా డ్రైవర్లు, కండక్టర్లు అందరూ పోవాలన్నారు కాబట్టి ఆ పూట మా బస్సులు తిరగలేదు. నాగేంద్రమ్మగారే బస్సులు తీయవద్దని చెప్పారు. ప్రయాణికులెవరూ ఈసారి నన్ను తిట్టలేదు. పీరాంబీ ఏ ఉద్యోగమూ చేయలేదు, ఎవరికీ ఉద్యోగం ఇవ్వనూ లేదు. మా మనుషులు మమ్మల్ని వదిలిపోకుండా ఉన్నారంటే అందులో పెద్దపాలు ఆమెదే.

మీరు ఎప్పుడైనా ప్రొద్దుటూరులో మధ్యాహ్నం బస్సెక్కి పులివెందులకు పోయి, మరునాడు తెల్లవారి అదే బస్సులో తిరిగివస్తూ, తోలే మనిషి కంటినిండా నిద్రపోయినట్లు కనిపిస్తే, దయచేసి సంతవీధి వెనక ఇంటి పీరాంబీని ఒకసారి తలచుకోండి.